ఎఫీ ఇంటికి వెళ్ళిన కార్జం

కొండ మీద టార్మడ్ జింకను కొట్టిన ప్రతిసారీ దాని కార్జం ఎఫీ ఇంటికి వెళ్తోంది. ఆ సంగతి ఊళ్ళో అందరికంటే చివర తెలిసింది అతని భార్య ఇష్బెల్‌కే.

చెప్పింది తపాలా ఆఫీసు పెగ్గీ. స్టాంపులు చింపుతూ, తలెత్తకుండా చెప్పింది.

“మీ అక్క ఈమధ్య భలే రంగు తేలింది. బుగ్గలు చూశావా, ఎర్రగా. వారానికి మూడు రోజులు మీ ఆయన బండి అక్కడే కదా. నీకు తెలీదేంటి?”

“తెలుసు,” అంది ఇష్బెల్. తెలీదు.

అక్క ఎఫీతో ఆమెకు మాటల్లేక పదకొండేళ్ళు. తల్లి మంచాన పడ్డప్పుడు ఎఫీ ఇల్లూ పొలమూ తన పేర రాయించుకుంది. ఖననం అయ్యాక గానీ అది బయటపడలేదు. చచ్చినా దాని చేతి నుంచి ఏదీ తీసుకోనని ఇష్బెల్ చర్చి గుమ్మంలో నలుగురి ముందూ అంది. అన్న మాట మీదే ఉంది. టార్మడ్ కూడా ఆ గడప తొక్కలేదనే ఇన్నాళ్ళూ నమ్మింది.

ఇంటికొచ్చి అతని వేట కోటు జేబులు వెతికింది. తూటా గొట్టం ఒకటి, దారం ఉండ, నాలుగు మడతల కాగితం. అతని చేతిరాతే.

“జింక మాంసం. గొడ్డు మాంసం కంటే ఇనుము ఎక్కువ, కొవ్వు చాలా తక్కువ. బి12 కూడా. కార్జం ఇంకా మంచిది. వారానికి మూడుసార్లు. తిన్నాక గంట వరకు టీ తాగనివ్వకూడదు. నారింజ రసం ఇవ్వాలి.”

ఇష్బెల్ అది మూడుసార్లు చదివింది. ముప్పై ఏళ్ళ కాపురంలో తను టీలో చక్కెర వేసుకుంటుందో లేదో కూడా ఈ మనిషికి గుర్తుండదు. ఇంకొకతె ఎప్పుడు టీ తాగకూడదో రాసిపెట్టుకున్నాడు.

పైగా ఇంట్లో జబ్బు మనిషి తను. కడుపులో గడ్డ ఉందని తేలి ఏడు నెలలు. పట్నం ఆసుపత్రి వాళ్ళు ఆపరేషన్‌కు రెండుసార్లు తేదీ ఇచ్చారు, రెండుసార్లూ వాయిదా వేశారు. మెట్లెక్కితే ఆయాసం. ఆమె పళ్ళెంలోకి వచ్చేది మాత్రం మెడ ముక్కల చారు, బంగాళాదుంపలు.

మర్నాడు మధ్యాహ్నం ఇష్బెల్ వెళ్ళి ఎఫీ ఇంటి తలుపు తట్టింది. లోపల ఉల్లిపాయలు వేగుతున్న వాసన. ఎఫీ చేతిలో ఫోర్కుతోనే వచ్చి తలుపు తీసింది. చెల్లెల్ని చూసి పక్కకు జరిగింది, లోపలికి రమ్మన్నట్టు. ఇష్బెల్ కదల్లేదు.

“బాగా తింటున్నావా అక్కా?”

ఎఫీ పొయ్యి వైపు చూసింది. “డాక్టరు తినమన్నాడు.”

“నాకూ ఉన్నాడు డాక్టరు. నాకూ ఉండేవాడు మొగుడు.”

“అలా అనకు.”

“అమ్మ ఇల్లు సరిపోలేదా నీకు? పొలం సరిపోలేదా?”

ఎఫీ ఫోర్కు పక్కన పెట్టింది. ఏదో చెప్పబోయి మింగేసింది. చివరికి మెల్లగా అంది. “ఇంకో మూడు వారాలు ఓర్చుకో ఇష్బెల్. తర్వాత అతను ఇటు రావక్కర్లేదు.”

ఇష్బెల్‌కు నవ్వొచ్చింది. మొగుణ్ణి అప్పడుగుతున్నట్టు అడుగుతోంది, గడువు కూడా చెప్పి.

సాయంత్రం టార్మడ్ బూట్లు విప్పుతుంటే కాగితం అతని ఒళ్ళో పడేసింది. అతను దాన్ని చూసి, మళ్ళీ మడతపెట్టాడు. అబద్ధం ఆడతాడని ఎదురుచూసింది. ఆడలేదు.

“ఎన్నాళ్ళ నుంచి?”

“వేసవి నుంచి.”

“మానేస్తావా?”

“మానలేను,” అన్నాడు. “ఇప్పుడు మానలేను. మూడు వారాలు ఆగు, అన్నీ చెప్తాను.”

“ఇద్దరూ ఒకే లెక్క చెప్తున్నారే. కూర్చుని అనుకున్నారన్నమాట.”

అతను తల వంచుకున్నాడు. ఆ తల వంచుకోవడమే ఆమెను కోసేసింది. అరిచి ఉంటే, చెయ్యి చేసుకుని ఉంటే ఇంత నొప్పి ఉండేది కాదేమో. ఆ రాత్రి నుంచి పక్క గదిలో పడుకుంది. అతను పొద్దున్నే పొట్లం కట్టుకుని వెళ్తుంటే కిటికీలోంచి చూసేది. ఎఫీ ఇంటి వైపు మలుపు తిరిగేదాకా చూసి, తెర లాగేసేది. వకీలు దగ్గరికి వెళ్ళి విడాకుల కాగితాల మీద సంతకం కూడా పెట్టి వచ్చింది.

మూడో వారం చివర ఆసుపత్రి నుంచి ఫోన్. మంగళవారం ఆపరేషన్, ఈసారి వాయిదా లేదు. ఆమె బస్సులో ఒక్కతే వెళ్ళింది. అతన్ని రావద్దంది.

కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన టార్మడ్ ఉన్నాడు. ఒళ్ళో టోపీ, గడ్డం గీసుకోలేదు. ఆమె తల గోడ వైపు తిప్పుకుంది.

“సంతకం పెట్టేశాను,” అంది, ఎండిపోయిన గొంతుతో. “ఇక దొంగతనంగా మోసుకెళ్ళక్కర్లేదు. దాని దగ్గరే ఉండు.”

“ముందే చెప్తే నువ్వు ఒప్పుకునేదానివి కాదు.”

“దేనికి ఒప్పుకోను? దాంతో పంచుకోవడానికా?”

 నర్సు వచ్చి గొట్టం సరిచేసి వెళ్ళింది.

“నీ రక్తం గ్రూపు దేశమంతా గాలిస్తే మీ అక్క ఒక్కదాని దగ్గరే దొరికింది, ఒంట్లో ఇనుము చాలదని రెండుసార్లు వెనక్కి పంపేశారు, మూడోసారి తీసుకున్నారు,” అన్నాడు టార్మడ్, ఆమె చేతిలోకి బొట్టుబొట్టుగా దిగుతున్న ఎర్రటి సంచి వైపు చూస్తూ.