నాలుగో చప్పుడు

“చెప్తున్నాగా పెద్దమ్మా, ఆ టేపులో ఆడమనిషే లేదు. మొదట్నించీ చివరిదాకా కమాండర్ ఆబెల్ ఒక్కడే మాట్లాడాడు” అన్నాడు విల్బెర్.

“మా అమ్మ ఉంది” అంది హెర్మీనియా.

“మూడు వారాలు విన్నాను దాన్ని. నాకంటే మీకెక్కువ తెలుసా?”

“నేనక్కడే ఉన్నాను బాబూ. పన్నెండేళ్లదాన్ని.”

విల్బెర్ నిట్టూర్చాడు. ఎక్కడో కొండల్లోంచి రెండు బస్సులు మారి శాన్ సాల్వడార్ వచ్చిందావిడ. ఉత్త చేతులతో రాలేదు. గుడ్డలో చుట్టిన మొక్కజొన్న రొట్టెలూ, చిక్కుడు గింజల ముద్దా తెచ్చి బల్ల మీద పెట్టింది. అవి తింటూ ఆ మనిషినే కసురుకోవడం ఎంతటివాడికైనా కష్టమే.

అంతర్యుద్ధం రోజుల్లో ఏ పత్రికా పంపకుండానే భుజాన రికార్డరు తగిలించుకుని కొండలెక్కిన విలేకరుల టేపులన్నీ విల్బెర్ పనిచేసే ఈ రెండు గదుల్లోనే దాస్తున్నారు. ఈ టేపునయితే ఎవరో పొయ్యి కింద పాతిపెట్టారు. నలభై ఏళ్ల తర్వాత బయటపడింది. దూదితో బూజు తుడిచి, ఆరబెట్టి, ఒక్కసారి ఆడించి కంప్యూటర్లోకి ఎక్కించారు. రెండోసారి ఆడించబోతే పొట్టు పొట్టుగా రాలిపోయింది. అందులో ఆ గెరిల్లా కమాండర్ మాట్లాడింది హెర్మీనియా వాళ్ల ఊళ్లోనే. ఈ ఆదివారం అదే ఊళ్లో మైకు పెట్టి వినిపించాలి.

“అసలు మొదట్లో ఎలా ఉండేదో తెలుసా?” అన్నాడు విల్బెర్. తన పనితనం చెప్పుకోవడానికి మనిషి దొరికితే చాలు, అతనికి చేతిలో రొట్టె కూడా గుర్తుండదు. “ఒక మాట వినపడితే రెండు మాటలు వినపడేవి కావు. అంత చెత్త. చిక్కుడు గింజల్లో రాళ్లేరినట్టు ఏరాను. రెండు వేల పైచిలుకు—”

“బాబూ, ఆరోజు మా అమ్మ—”

“ముందు వినండి.” ఎదుటివాళ్లని వాక్యం పూర్తి చెయ్యనివ్వడం అతనికి అలవాటు లేదు. హెడ్‌ఫోన్లు ఆవిడ చెవులకు తగిలించి మీట నొక్కాడు.

ఆవిడ కళ్లు మూసుకుంది. ఇరవై నిమిషాలు కదల్లేదు. కమాండర్ గొంతు నిన్ననే మాట్లాడినంత తేటగా ఉంది. విల్బెర్ మెప్పు కోసం ఎదురు చూస్తూ కూర్చున్నాడు.

“ఇది ఆ టేపు కాదు” అంది హెర్మీనియా.

“అదే.”

“కాదు. ఇందులో మా అమ్మ లేదు.”

“ఇందాకట్నించీ నేను మొత్తుకుంటున్నది అదేగా తల్లీ.”

ఆవిడ రొట్టెలు తెచ్చిన గుడ్డ తీసుకుని మడత పెట్టింది. “సైన్యం ఊరు తగలబెట్టిన రోజు ఇంట్లో ఒక్క ఫొటో మిగల్లేదు. అమ్మా మిగల్లేదు. కనీసం ఇందులోనైనా ఉందనుకున్నాను” అంది.

విల్బెర్‌కి చాలా బాధేసింది. ఆ పూట మొదటిసారి అడగాల్సింది అడిగాడు. “ఆవిడ ఏం మాట్లాడింది పెద్దమ్మా?”

“ఎక్కడ మాట్లాడిందీ. ఆ విలేకరే వచ్చి, కాసేపు చేతులాపమ్మా, టేపులో చప్పుడు పడుతోంది అన్నాడు. నలభై మంది పిల్లలు ఆకలితో కూర్చున్నారు, కావాలంటే మీ కమాండర్నే ఆగమను అంది మా అమ్మ. రొట్టెలు తడుతూనే ఉంది. ఆవిడకి ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. అందుకని మూడు చప్పుళ్లు గట్టిగా, నాలుగోది మెత్తగా. ఊరి చివర్నించి విన్నా మా ఇంటి రొట్టె అని తెలిసిపోయేది.”

విల్బెర్ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. మూడు గట్టిగా, నాలుగోది మెత్తగా. ఆ చప్పుళ్లనే ఒక్కొక్కటీ వెతికి వెతికి తీసేశాడు. అది పాడైన రికార్డరు మోటారు చప్పుడని పని పుస్తకంలో రాసి, కింద సంతకం కూడా పెట్టాడు.

పరిగెత్తి పెద్ద మేడమ్ లిడియా బీరువా తెరిచాడు. చెత్త ఏరకముందు దాచిన ముడి కాపీ జోలికి ఎవరొచ్చినా వేళ్లు విరగ్గొడతానంటుందావిడ. చోటు చాలడం లేదు, తుడిచేద్దామని కిందటి వారమే ఆవిడతో గొడవపడ్డాడు. ఆవిడ ఒప్పుకోలేదు. ఆ మొండిమనిషి నూరేళ్లు చల్లగా ఉండాలని మనసులో దణ్ణం పెట్టుకుని డిస్కు తెచ్చి కంప్యూటర్‌కి తగిలించి, హెడ్‌ఫోన్లు మళ్లీ ఆవిడ చెవులకు పెట్టాడు.

టప్, టప్, టప్, తుప్.

హెర్మీనియా చేతులు ఒడిలోంచి లేచాయి. గాలిలో రొట్టె తట్టడం మొదలుపెట్టాయి. నాలుగో దెబ్బ దగ్గర ఎడమచేతి వేళ్లు రెండు వాటంతటవే ముడుచుకున్నాయి. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి గానీ ముఖం మాత్రం వెలిగిపోతోంది.

“విను, విను. ఆరోజు మీ కమాండర్ నీళ్ల కోసం రెండుసార్లు ఆగాడు” అంది. “మా అమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు.”

విల్బెర్ చొక్కా చేతితోనే కళ్లు తుడుచుకున్నాడు. “ఆదివారం ఇదే వినిపిస్తాం పెద్దమ్మా. ఒక్క చప్పుడు కూడా తియ్యను. నాది పూచీ.”

ఆవిడ సరేనని తలూపింది. కాసేపు విని, ఒక చెవి మీంచి హెడ్‌ఫోను పక్కకు జరిపి, మొహమాటంగా అడిగింది.

“నువ్వింత పనిమంతుడివి గదా బాబూ, మధ్యలో ఆ మాట్లాడే మనిషిని తీసెయ్యడం నీకు కుదురుతుందా?”