కేక ఆగిన పొద్దు

చింతబరికె చెళ్లుమంది. గుడిసె బయట ద్వాలి ఒళ్లంతా ఝల్లుమంది.

"గోరీ!" అని లోపలినుంచి హేమ్లి కేక. ఆ కేకకు చెట్ల మీది పిట్టలు లేచిపోయాయి.

"ఒర్రు! ఇంకా ఒర్రు! కడుపుల ఉన్నదంతా బయటికి రావాలె!" భూతవైద్యుడు పగిడయ్య గొంతు. "ఏ చప్పుడైనా రానీ, కండ్లు తెరిచినవో సూడు!"

మళ్లీ చెళ్లు.

తండా నాయకుడు దేవ్లా మీసం దువ్వుకున్నాడు. "విన్నవా ద్వాలీ? దయ్యం పేరు చెప్పింది. గోరే పట్టింది నీ పిల్లను."

ద్వాలి పళ్లు కొరుక్కుంది. గోరి దయ్యమా? పదహారేళ్ల తన బిడ్డకు ప్రాణస్నేహితురాలు! పోయిన వానాకాలం గోదావరి పొంగి భద్రాచలం రోడ్డు మునిగినరోజు, హాస్టల్ నుంచి వస్తూ ఇద్దరూ చేతులు పట్టుకుని వాగు దాటబోయారు. గోరి చెయ్యి జారిపోయింది. అప్పటినుంచి హేమ్లి మళ్లీ మనిషి కాలేదు. ఉన్నట్టుండి గుండెదడ. చేతులు వణుకు. తిండి లేదు, నిద్ర లేదు. దవాఖానాకు తీసుకుపోతే బలానికి సూదేసి పంపారు. పోయిన వారం బావిలో దూకబోతుంటే ద్వాలే జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది.

అంతే. తండా అంతా ఒక్కటయింది. గాలి సోకిందన్నారు.

"దయ్యాన్ని ఇంట్ల పెట్టుకుంటే ఊకునేది లేదు," అని తేల్చేశాడు దేవ్లా. ద్వాలి చనిపోయిన మొగుడికి స్వయానా అన్న. "భూతవైద్యుణ్ని పిలిపిస్త. మూడు దినాలు. తగ్గితే సరే, లేకుంటే తల్లీబిడ్డలు తండా ఇడిసి అడివిల పడుండ్రి."

"కొడతరు బావా! పక్క తండాల మంగ్లి బిడ్డను గిట్లనే కొట్టి కొట్టి సంపిండ్రు గద!"

"కొట్టంది దయ్యం పోతదా?"

వచ్చినవాడు చూస్తే ఈనుపుల్ల. ఊదితే ఎగిరిపోయేట్టున్నాడు. నేలకొండపల్లిలో బౌద్ధుల పాతదిబ్బల దగ్గర తవ్వకాలకు ఏళ్ల తరబడి కాపలా ఉన్నాడట. ఎక్కడెక్కడి సన్యాసులో అక్కడికి వచ్చేవారట. విద్య వాళ్ల దగ్గరే పట్టాడట. ఎర్రకోడి, నిమ్మకాయలు, పసుపు, ఒక బస్తా ఊక అడిగాడు. ఊక ఎందుకంటే, దిగిన దయ్యాన్ని అందులో కట్టేసి గోదాట్లో పడేస్తాడట. మూడు రోజులూ లోపలికి ఎవరూ తొంగిచూడకూడదన్నాడు, కన్నతల్లయినా సరే.

మొదటిరోజు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అదే మోత. "ఒకటీ... రెండూ..." అని తీరుబడిగా లెక్క, లెక్కకో దెబ్బ. పదికి రాగానే మళ్లీ ఒకటి నుంచి. మధ్యమధ్య "గోరీ!" అని గొంతు చీరుకుపోయే కేక. పగిడయ్య బయటికొచ్చేసరికి బరికె కొసదాకా ఎర్రగా ఉంది. జనం చేతులెత్తి మొక్కారు. ద్వాలి అక్కడే వాంతి చేసుకుంది.

గుమ్మం ముందు జొన్నరొట్టెలు పెడితే పళ్లెం తుడిచినట్టు ఖాళీగా వచ్చేది. చావుదెబ్బలు తిన్న పిల్ల రొట్టెలు తింటుందా! ముసలోడే మెక్కుతున్నాడు, వాడి నోట్లో మన్ను పడ!

రెండోరోజు కేకలు తగ్గాయి. ఎత్తుకున్న కేక సగంలోనే ఆగిపోతోంది. బిడ్డ ఒంట్లో సత్తువ అయిపోతోందనుకుంది ద్వాలి. దేవ్లా కాళ్ల మీద పడింది.

"ఇడిపియ్యి బావా. అడివిలనే బతుకుతం. నా బిడ్డ పాణం నాకు చాలు."

"ఒక్క దినం ఓర్సుకో. దయ్యం దిగుతున్నది."

పగిడయ్య బయటికి రాగానే అతని చెయ్యి పట్టేసుకుంది. "నీకు బిడ్డల్లేరా?"

"ఉండె. ఒక్కతే," అన్నాడు ముసలాయన. ఇంకేదో అనబోయాడు. ద్వాలి వెనక నిలబడ్డ దేవ్లాను చూసి ఆ మాట మింగేశాడు.

మూడోరోజు పొద్దున చెళ్లుమంది. కేక లేదు.

ఇంకొకటి. కేక లేదు.

పదిదాకా వచ్చింది. మళ్లీ ఒకటి నుంచి మొదలైంది. దెబ్బ చప్పుడు తప్ప పిల్ల గొంతు లేదు. కనీసం మూలుగు లేదు.

"పోయింది! దయ్యం పోయింది!" దేవ్లా చప్పట్లు కొట్టాడు.

పోయిందెవరో ద్వాలికి తెలుసు. మంగ్లి బిడ్డ అప్పుడూ అంతే. ముందు కేకలు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి, ఆ తర్వాత శవాన్ని తెచ్చారు. ఇంకా కొడుతున్నాడు! చచ్చినదాన్ని కూడా కొడుతున్నాడు!

కట్టెలమోపులో గొడ్డలి లాగింది. అడ్డమొచ్చిన దేవ్లాను ఒక్క తోపు తోసింది. ముగ్గురు మగాళ్లు పట్టుకోబోతే ఆగలేదు. తలుపు తడికను కాలితో తన్ని లోపల పడింది. చీకటి గుడిసెలో ముసలాడి వీపు, పైకి లేచిన బరికె కనిపించాయి.

"నా బిడ్డను సంపినవురా!"

గొడ్డలి మెడకూ భుజానికీ మధ్య దిగింది. ఎముక విరిగింది. నెత్తురు ద్వాలి ముఖాన చిమ్మింది. గొడ్డలి ఊడబీకి మళ్లీ వేసింది. మూడో వేటుకు చెయ్యి ఆడలేదు.

పగిడయ్య బోర్లా పడ్డది దెబ్బలకు చిల్లులు పడ్డ ఊకబస్తా మీద, అవతలి మూలన హేమ్లి, ఒంటి మీద ఒక్క వాతైనా లేకుండా, కళ్లు మూసుకుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, నిమ్మళంగా తన ఊపిరిని తానే "ఎనిమిది... తొమ్మిది..." అని లెక్కపెట్టుకుంటోంది.