వేడి ఎక్కడిది?

"మళ్లీ అంటుకుపోయింది దరిద్రపు స్విచ్చి," అన్నాడు టౌనో, ల్యాబ్ తెర మీద పైకి పాకుతున్న వేడి గీతను చూస్తూ.

అతిశీతల యంత్రం లోపలి స్విచ్చి ఆయన రూపొందించిందే. కలిసి ఉన్నప్పుడు లోపలి వేడిని బయటికి లాగేస్తుంది. విడిపోతే బయటి వేడిని లోపలికి రానివ్వదు. మూడు రోజులుగా పొద్దున్నే దాన్ని విడదీస్తున్నారు, అయినా వేడి పెరుగుతూనే ఉంది. ఈ రోజు మూడింటికి డైరెక్టరమ్మ వచ్చేసరికి గీత నిలవకపోతే దాన్ని పీకేసి బయటి సరుకు కొంటారు.

టౌనో బరువైన చలి బూట్లతో యంత్రం చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నాడు. ముప్పై ఏళ్లుగా చలి గురించి పాఠాలు చెబుతున్నా తన ఇంట్లో ఫ్రిజ్ కూడా తన మాట వినదని తన మీద తనే విసుక్కున్నాడు. విప్పి చూద్దామన్నాడు. విప్పితే మళ్లీ చల్లబరచడానికి మూడు వారాలు పడుతుందని ఇర్యా గుర్తు చేసింది. ఆ స్విచ్చికి బంగారు పూత పూసిన టెక్నీషియన్ ఆవిడే.

ఒకటిన్నర అయింది. హెల్సింకీలో ఆ వేళకి కాఫీ వద్దన్నవాడి నుదురు పట్టుకుని చూస్తారు. టౌనో వద్దన్నాడు. ఇర్యా జబ్బ పట్టుకుని లాక్కుపోయింది. ఆయన ఏలకుల బన్నును కూడా పక్కకి నెట్టేశాడు.

పావుగంటకి తిరిగొస్తే గీత నేలబారుగా ఉంది.

"ఏం చేశావ్?"

"నీ పక్కనే కూర్చున్నాను కదయ్యా, ఏం చేస్తాను?"

ఆయన సంబరంగా యంత్రం చుట్టూ ఒక చుట్టు చుట్టాడు. గీత మళ్లీ లేచింది. తన బతుకే ఇంత అని తల పట్టుకున్నాడు.

ఇర్యా నిన్నటి గీత, మొన్నటి గీత తెచ్చి పక్కన పెట్టింది. మూడూ మెట్ల వరసల్లా ఉన్నాయి. కాఫీ వేళల్లోనే నిలకడ. ఆ చలిలో నేల పిసరంత అదిరినా లోపల వేడే. ఏటా కొత్తవాళ్లకి ఆ మాట చెప్పేది టౌనోయే.

ఆయన తన బూట్ల వైపు చూసుకున్నాడు. లాగ్‌బుక్కులో ఏదో రాసి, బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, మేజోళ్లతో బయటికి నడిచాడు.

మూడింటికి డైరెక్టరమ్మ వచ్చింది. గీత కదల్లేదు. ఇంతకీ ఆ వేడి ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగింది. ఇర్యా లాగ్‌బుక్కు ఆమె ముందుకు జరిపింది.

"లోపం: టౌనో, తొంభై రెండు కిలోలు. స్విచ్చి బాగుంది. నన్ను విడదీయడానికి ఒక కప్పు కాఫీ చాలు."