రంగు రాని ఎడమ వైపు

ఫుట్‌బాల్ ఆడుతూ ఆడుతూ షిమె ఒక్కసారిగా గడ్డి మీద చుట్టచుట్టుకుపోయాడు. దెబ్బ తగల్లేదు, ఎవరూ తన్నలేదు. నొప్పి ఎక్కడో చెప్పడానికి సిగ్గుపడి రెండు గంటలు పంటి బిగువున కూర్చున్నాడు. చివరికి తల్లి తోన్కాయే కారులో కుక్కి పట్నం ఆసుపత్రికి తీసుకొచ్చింది.

స్కానింగ్ గదిలో డాక్టర్ యద్రాంకను చూసి అతను వెనక్కి తిరగబోయాడు. మగ డాక్టరు లేరా అని గొణిగాడు. ముప్పై ఏళ్ళుగా తన పని ఇదేననీ, సిగ్గుపడే వయసు ఎప్పుడో దాటిపోయిందనీ చెప్పి ఆవిడ చల్లటి జెల్లు పూసింది.

తెర మీద కుడి వృషణంలో ఎరుపూ నీలమూ మిణుకుమిణుకుమన్నాయి. ఎడమది నల్లగా ఉండిపోయింది.

"లోపల రక్తనాళాల తాడు మెలిపడింది. రక్తం అందడం లేదు," అంది డాక్టర్. "వెంటనే ఆపరేషన్ చేసి మెలి విప్పాలి. ఇంకో రెండు మూడు గంటలు ఆగితే అది చచ్చిపోతుంది. తీసెయ్యాల్సొస్తుంది."

"పోతే పోనివ్వండి. దాంతో నాకు పనేముంది? మాత్రేదో ఇచ్చి పంపండి. శనివారం రెండు పెళ్ళిళ్ళున్నాయి. నేను లేకపోతే జరగవు."

బ్యాండు వాయిస్తాడు కాబోలు అనుకుంది ఆవిడ. పెళ్ళయిందా అని అడిగితే లేదన్నాడు. ఎవరైనా ఉన్నారా అంటే గోడవైపు తిరిగాడు.

"ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళు వీడి చెవిలోనే గుసగుసలాడతారు డాక్టరమ్మా," అంది తోన్కా తలుపు సందులోంచి, కాస్త గర్వంగానే.

డాక్టర్ కనుబొమలు ఎగరేసింది.

"అయితే మరీ కావాలి. చూడబ్బాయ్, దేవుడు రెండిచ్చాడు. ఒకటి పారేసుకుని రేపు ఆయనకేం జవాబు చెబుతావు?"

షిమె ఒకసారి పైకి చూశాడు. కాగితం అందుకుని సంతకం పెట్టాడు.

ఆపరేషన్ సకాలంలో జరిగింది. మర్నాటి స్కానింగ్‌లో ఎడమవైపు కూడా ఎర్రగా వెలిగింది. తోన్కా కొంగు లేని గౌను అంచుతోనే కళ్ళు ఒత్తుకుంది. డాక్టర్ స్వయంగా వార్డుకొచ్చి, ఇక ఢోకా లేదనీ, అరడజనుమందిని కనొచ్చనీ, ఆ గుసగుసలు కట్టిపెట్టి వాళ్ళలో ఎవరో ఒకర్ని చేసుకుని త్వరగా ఒక ఇంటివాడివి కమ్మనీ హితవు చెప్పింది. షిమె చెవులదాకా ఎర్రబడ్డాడు.

ఆవిడ మాట పూర్తికాకముందే పక్క మంచం మీది ముసలాయన, షిమె ఊరివాడే, మెల్లగా లేచొచ్చి, షిమె ముందు తలవంచి, "రేపు నాకు ఆపరేషన్, ఫాదర్, నా పాపాలు చెప్పుకుని తేలికపడతాను, కాస్త వింటారా?" అన్నాడు.