ఒక్క గడి

మదనపల్లెలో జిల్లా చదరంగం పోటీలు. ఆఖరి ఆట మిగిలింది. గెలిస్తే జాహ్నవి రాష్ట్ర జట్టులోకి వెళ్తుంది.

పుంగనూరు నుంచి వచ్చి బస్సు దిగినప్పటి నుంచీ ఆ పిల్లకు కాలు నిలవడం లేదు. హాలు మెట్ల మీద బోర్డు పరుస్తుంది, ఎత్తులు ఎక్కాల్లా అప్పజెబుతుంది, లేచి తిరుగుతుంది, మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

భుజాన తువ్వాలున్న మనిషి ఒకడు వచ్చి పక్క మెట్టు మీద కూర్చున్నాడు.

“ఆ బంటును ఒక్క గడే జరిపినావు. యాలమ్మా, ఎందుకని?”

“ఈ ఓపెనింగ్‌లో అంతే.”

“అంతేనంటే?”

జాహ్నవికి చిరాకేసింది. “నాలుగో ఎత్తు అదే. తర్వాత వాళ్లు గుర్రాన్ని బయటికి తీస్తారు.”

“తీయకపోతే?”

ఆ పిల్ల చెయ్యి ఆగిపోయింది. తర్వాతి ఎత్తు గుర్తు రాలేదు. అది చూసి తల్లి ఇంద్రాణి గబగబా వచ్చింది.

“నీకు ఆట వస్తాదా అప్పా?”

“రాదమ్మా.”

“రానోడివి యాల అడగతాండావు?”

“వచ్చుంటే అడిగే పనేముండాది?”

“బాగుండాది. పాప బట్టీ పట్టిందంతా నీ దెబ్బకు మరిచిపోయేట్టుండాది. లేసి పో.”

అతను లేచి వెళ్లిపోయాడు.

కుప్పం అమ్మాయి ఝాన్సీతో ఆట మొదలైంది. మూడు ఎత్తులు గడగడా నడిచాయి. నాలుగో ఎత్తుకి జాహ్నవి ఆ బంటును ఒక గడి జరిపింది.

ఝాన్సీ గుర్రాన్ని తీయలేదు. మంత్రిని రాజు ముందుకు తెచ్చింది.

ఆ బంటు ఏదో పని మీదే అక్కడ నిలబడి ఉంది. ఆ పనేమిటో జాహ్నవికి తెలియదు. ఏదో ఒకటి వేయాలి కాబట్టి అంచునున్న బంటును కదిపింది. కాసేపటికి బోర్డు నడుమంతా ఝాన్సీ బంట్లే. ఆట పోయింది.

“నడుమ బంటును తోసేదానికి తోడుగా కదా దాన్ని జరిపేది,” అంది ఝాన్సీ లేస్తూ. “మరి నడుమ బంటును తోయలేదు, యాల?”

జాహ్నవికి ఏడుపు ఆగడం లేదు.

గేటు దగ్గర ఝాన్సీ చేతిలోని సంచి అందుకుంటున్నాడు ఆ తువ్వాలు మనిషి. ఇంద్రాణికి ఒళ్లు మండింది.

“ఆట రాదని చెప్పి మా పాప ఎత్తులన్నీ సూసుకోని పోయినావు. నువ్వేనా ఈ పాప కోచ్‌వి?”

అతను కూతురి వైపు చూశాడు.

“మా నాయనకు నిజంగానే ఆట రాదు ఆంటీ,” అంది ఝాన్సీ. “నాకు కోచ్ ఎవురూ లేరు. నేను ఏ ఎత్తు వేసినా ఈయన ‘యాల?’ అంటాడు, తనకు అర్థమయ్యేట్టు చెప్పేదాకా ఇంకో ఎత్తు వేయనీడు.”