నడుముకు కట్టిన తాడు

పూర్ణిమకు ఈత నేర్పింది జంగయ్య. పేరు కొట్టేసింది కోచ్. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

బుద్వేల్ దగ్గరి క్లబ్బులో ఈత పోటీ ముగిసి పావుగంటైంది. పదకొండేళ్ల పూర్ణిమ మొదటి స్థానంలో వచ్చింది. సర్టిఫికెట్‌లో 'శిక్షకుడు' అన్నచోట కోచ్ వరప్రసాద్ తన పేరు రాసుకుంటుండగా జంగయ్య వచ్చి బల్ల మీద అరచెయ్యి పెట్టాడు.

"ఆగు సారూ. నా మనుమరాలికి ఈత నువ్వు నేర్పినవా?"

"మూడు నెలలుగా నా దగ్గరికేగా వస్తోంది, పెద్దాయనా."

"నీ దగ్గరికి వచ్చేటాల్లకే దానికి ఈత వచ్చు. మా సాతంరాయి బాయిల నేను నేర్పిన. నడుముకు తాడు కట్టి దించిన. మూడోనాడు తాడు ఇడిచిపెట్టిన. కావాల్నని ఇడిచిన. తానే ఈదుకుంట ఒడ్డుకొచ్చింది. గట్ల నేర్పాలె. నీ లెక్క సీటీ ఊదుకుంట కూసుంటె ఈత వస్తదా?"

చుట్టూ ఉన్న తల్లులు నవ్వారు. పూర్ణిమ మాత్రం తువ్వాలుతో జుట్టు తుడుచుకుంటూ తల ఎత్తలేదు.

వరప్రసాద్ కోపగించుకోలేదు. పెన్ను పక్కన పెట్టాడు.

"బావిలోనా? అదీ సంగతి. ఇన్నాళ్లూ నాకు అంతుబట్టలేదండి. మిగతా పిల్లలు గోడ దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుంటారు. ఈ అమ్మాయి గోడ తగిలీ తగలకముందే గిర్రున తిరిగి, కాళ్లతో ఒక్క తన్ను తన్ని ఎక్కడో తేలుతుంది. ఇవాళ గెలిచింది ఆ మలుపులోనే. అది నేను నేర్పింది కాదు."

"మా బాయి గంతే ఉంటది మరి. నాలుగు చేతులేస్తె గోడ వస్తది. తిరగకుంటె తల పగుల్తది."

కోచ్ తన పేరు కొట్టేసి 'జంగయ్య, సాతంరాయి' అని గుండ్రంగా రాశాడు. ఇంత సులువుగా ఒప్పుకునే మనిషి తగులుతాడని జంగయ్య అనుకోలేదు. తిట్టడానికి దాచుకున్న మాటలు ఇంకా చాలా ఉండిపోయాయి. కాగితాన్ని రెండు చేతులా అందుకున్నాడు.

"ఇంకొక్కటి మిగిలిందండి." వరప్రసాద్ లేచి నిలబడ్డాడు. "పిల్లల పోటీ అయ్యాక గురువులు ఈ చివర్నుంచి ఆ చివరికి ఈదడం మా క్లబ్బులో ఆనవాయితీ. ఇవాళ నా బదులు మీరు దిగాలి. మీ ఈత మా పిల్లలు చూడాలి."

పిల్లలు చప్పట్లు కొట్టారు. "తాతా, దుంకు" అని ఎవరో అరిచారు.

జంగయ్య తలపాగా సర్దుకున్నాడు. నీళ్లవైపు చూశాడు. మళ్లీ సర్దుకున్నాడు.

"మా తాతకు చెవుల చీము కారుతున్నది సార్," అంది పూర్ణిమ. "నీళ్లల్ల దిగొద్దని దవాఖానల చెప్పిన్రు."

"అయ్యో. అయితే వచ్చే ఏడు తప్పదు," అంటూ వరప్రసాద్ చేతులు జోడించాడు.

ఇంటికి వెళ్తూ ఇద్దరూ ఆరాంఘర్‌లో బస్సు మారారు. సీట్లు దొరికాక జంగయ్య అడిగాడు.

"నా చెవులకేమైంది? గట్లెందుకు చెప్పినవ్?"

పూర్ణిమ కిటికీలోంచి, కొత్త ఎయిర్‌పోర్టువైపు దిగుతున్న విమానాన్ని చూస్తోంది. తల తిప్పకుండానే చెప్పింది.

"ఆ దినం నువ్వు తాడు ఇడువలే తాతా. ముడి ఊడింది. నువ్వు దుంకుతవేమోనని చూసిన. ఒడ్డు మీద నిలబడి ఏడ్సినవ్. నీకు ఈత రాదని గప్పుడే ఎరుకైంది. ఇగ నేనే ఈదిన."

జంగయ్య సర్టిఫికెట్ తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. ఆ తాడు ముచ్చట మళ్లీ ఎన్నడూ, ఎవరి దగ్గరా ఎత్తలేదు.