గాల్లో ఉండగా

ఆట నడుస్తుండగానే ఆటగాళ్ళను అమ్మే రోజులవి. ఫోన్లలో వేలం ముగియగానే చొక్కా రంగు దానంతటదే మారిపోయేది.

బాస్కెట్‌బాల్ ఆడుతూ ఎన్నో జట్లు తిరిగిన ప్రసేన్, ఆ సాయంత్రం విశాఖ తరఫున బంతితో పైకి ఎగిరాడు. గాల్లో ఉండగానే నీలి చొక్కా ఎర్రబడింది. ఎదురుగా ఆడుతున్న వరంగల్ జట్టు అతణ్ణి కొనేసింది. అయినా అతను బంతిని బుట్టలో వేశాడు. పాయింట్లు విశాఖకే పడ్డాయి.

"ఇప్పుడు నువ్వు మావాడివయ్యా. బుద్ధుందా?" అన్నాడు వరంగల్ కోచ్.

"కిందికి దిగేదాకా ఆగలేకపోయారా సార్?"

కోచ్ అక్కడికక్కడే అతణ్ణి వేలానికి పెట్టాడు. ఎవరూ కొనలేదు. ప్రసేన్ చొక్కా విప్పి కోచ్ భుజాన వేశాడు.

"ఉంచుకోండి. ఆట అయ్యేలోగా మిమ్మల్నీ ఎవరో ఒకరు అమ్మేస్తారు" అని బయటికి నడిచాడు.